జేబులో చాకు... జర జాగ్రత్త!

షర్క్ (కువైట్): శుక్రవారం పొద్దున్నే షర్క్ చేపల మార్కెట్‌కి వెళితే కత్తుల చప్పుడే చెవుల్లో పడుతుంది. ఒకవైపు జుబైదీ, ఇంకోవైపు హమూర్. కొన్న చేపను పక్కన బల్ల దగ్గర ఇస్తే చాలు, రెండు నిమిషాల్లో పొలుసు తీసి ముక్కలు కొట్టి సంచిలో వేసిస్తారు. ఆ బల్లల దగ్గర మనవాడు ఒకాయన కనిపించాడు. గోదావరి జిల్లా మనిషి. తెలుగు మాట వినగానే మొహం విప్పారింది. చేతిలో మూరెడు కత్తి. "ఇంత పెద్ద కత్తి పట్టుకుని రోజంతా ఇక్కడే ఉంటాను కదండీ, ఎవరూ ఏమీ అనరు. డ్యూటీ దిగాక వేలెడంత చాకు జేబులో వేసుకుని ఆ రోడ్డు దాటాలన్నా భయమేనండీ" అన్నాడు.

ఆయన నవ్వుతూ అన్న ఆ ఒక్క మాటలోనే ఈ వారం మేం మీకు చెప్పదలుచుకున్న విషయమంతా ఉంది. కత్తి ఒకటే. మార్కెట్‌లో అది పనిముట్టు. జేబులోకి వెళ్లి రోడ్డెక్కితే అదే ఆయుధం. ఈ తేడా తెలియక మనవాళ్లు కొందరు చిక్కుల్లో పడుతున్నారు. అందుకే ఈ కథనం.

కట్టర్ తెచ్చిన తంటా

షర్క్‌లో ఒక సరుకుల గోదాములో పనిచేసే కడప జిల్లా కుర్రాడు మాకు తన అనుభవం చెప్పాడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. రోజూ వందల అట్టపెట్టెలు విప్పడం అతని పని. దానికి ఒక కట్టర్ ఇచ్చారు. ఆ రోజు రాత్రి డ్యూటీ దిగేటప్పటికి ఆలస్యమైంది. బస్సు దొరకదేమోనన్న తొందరలో కట్టర్ ప్యాంటు జేబులోనే ఉండిపోయింది. బస్టాప్ దగ్గర పోలీసులు బతాకాలు చూస్తున్నారు. ఇతని బతాకా గదిలో ఉంది. జేబులు చూపించమన్నారు. కట్టర్ బయటికొచ్చింది.

"ఇది ఎందుకు అని అడిగినారన్నా. నాకు అరబిక్ రాదు. 'షుగల్, షుగల్' అంటాండా. అప్పుడు రాత్రి పది దాటింది. ఈ టైంలో ఏం షుగల్ అని వాళ్ల అనుమానం. మగ్ఫర్‌కి తీసుకుపోయినారు. ఫోర్‌మన్ వచ్చి, మా కంపెనీ మనిషే, ఇది మా గోదాము కట్టరే అని చెప్పేదాకా మూడు గంటలు కూర్చున్నా. ఆ మూడు గంటలూ మా చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పే కళ్ల ముందర తిరిగిందన్నా" అని చెబుతుంటే అతని గొంతు ఇప్పటికీ వణుకుతోంది.

అర్ధరాత్రి దాటాక వదిలేశారు. అతని అదృష్టం బాగుంది. ఫోర్‌మన్ ఫోన్ ఎత్తాడు, మనిషి మంచివాడు, వెంటనే వచ్చాడు. ఫోన్ ఎత్తకపోతే? ఆ రోజే ఆ చుట్టుపక్కల ఏదైనా గొడవ జరిగి ఉంటే? ఒక్కసారి ఆలోచించండి.

'సిలాహ్ అబ్యద్' అంటే...

అరబిక్‌లో కత్తిని 'సిక్కీన్' అంటారని వంటిళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు బాగా తెలుసు. పోలీసుల భాషలో మాత్రం దానికి ఇంకో పేరుంది. 'సిలాహ్ అబ్యద్', అంటే తెల్ల ఆయుధం. తుపాకీ, తూటా కాకుండా పదునుతో గాయం చేసే కత్తి, బాకు, ఖడ్గం లాంటివన్నీ ఈ మాట కిందికే వస్తాయి. పోలీసులు ఈ మాట అంటున్నారంటే మీ చేతిలోని వస్తువును కూరగాయలు కోసే చాకుగా చూడడం లేదని అర్థం.

తుపాకులు, మందుగుండు విషయంలో కువైట్‌లో 1991 నాటి 13వ నంబరు చట్టం ఉంది. లైసెన్సు లేకుండా అలాంటివి దగ్గర పెట్టుకోవడం పెద్ద నేరం. మనవాళ్లకు వాటితో పని ఉండదు కాబట్టి దాని జోలికి పోవడం లేదు. బెదిరించడం, కొట్టడం, గాయపరచడం, చంపడం వంటి నేరాలకు 1960 నాటి 16వ నంబరు శిక్షాస్మృతి వర్తిస్తుంది. గొడవ చేతులతో జరిగిందా, చేతిలో కత్తి ఉందా అన్నదాన్ని బట్టి కేసు బరువు మారిపోతుంది.

ఇక్కడ కత్తి విషయంలో పోలీసులు ఎందుకింత గట్టిగా ఉంటారో కూడా తెలుసుకోవాలి. 2012 డిసెంబరులో అవెన్యూస్ మాల్‌లో పార్కింగ్ దగ్గర మొదలైన చిన్న మాటామాటా పెరిగి, లెబనాన్‌కు చెందిన ఒక యువ దంతవైద్యుడు కత్తిపోట్లకు బలయ్యాడు. కుటుంబాలు సరదాగా తిరిగే చోట అలా జరగడంతో దేశమంతా ఉలిక్కిపడింది. కత్తులు ఎవరు పడితే వారు కొనడం, మోసుకు తిరగడం మీద పత్రికల్లో పెద్ద చర్చ నడిచింది. 2021 జూన్‌లో మహబూలాలో డ్యూటీలో ఉన్న ఒక పోలీసు కత్తిపోట్లతో ప్రాణాలు కోల్పోయాడు. తోటి ఉద్యోగిని అలా పోగొట్టుకున్న పోలీసు, రాత్రిపూట ఒకరి జేబులో కత్తి కనిపిస్తే తేలిగ్గా తీసుకుంటాడా?

మూడు ప్రశ్నలు

'నా చాకు చిన్నదే కదా, ఇంత పొడవుకి ఫర్వాలేదట కదా' అని మనవాళ్లు గదుల్లో వాదించుకోవడం విన్నాం. ఎవరో ఏదో దేశం లెక్క చెబుతారు, అది కువైట్ లెక్క అనుకుంటాం. అంగుళాల మీద ధీమా పెట్టుకోకండి. పోలీసు స్కేలు పెట్టి కొలవడు. మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఎందుకు? ఎక్కడ? ఎప్పుడు?

ఎందుకు అంటే, నీ పనికీ ఆ కత్తికీ సంబంధం ఏమిటని. ఎక్కడ అంటే, పనిచేసే చోట ఉందా, మాల్‌లో, పార్కులో, బస్సులో ఉందా అని. ఎప్పుడు అంటే, డ్యూటీ టైములోనా, డ్యూటీ దిగాకనా అని. మార్కెట్ బల్ల ముందు నిలబడిన మన గోదావరి అన్నయ్య ఈ మూడింటికీ నోరు తెరవకుండానే జవాబు చెప్పగలడు. బస్టాప్‌లో నిలబడిన కడప తమ్ముడు మూడు గంటలు కూర్చున్నా చెప్పలేకపోయాడు. ఇద్దరి తేడా అంతే.

ఇంకో మాట. 'ఎందుకు' అని అడిగితే కొందరు అమాయకంగా 'నా రక్షణ కోసం' అంటారు. అంతకంటే చెడ్డ జవాబు లేదు. రక్షణ కోసం అన్నామంటే అవసరమైతే మనిషి మీద వాడతానని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు. డబ్బు లాక్కుంటారని, రాత్రి ఒంటరిగా వస్తున్నామని భయం ఉంటే ఇద్దరు ముగ్గురు కలిసి రండి. వెలుతురున్న రోడ్డు మీదుగా రండి. ఆపద వస్తే 112కి ఫోన్ చేయండి. జేబులో చాకు ధైర్యం ఇవ్వదు, గొడవ పెంచుతుంది. అవతలివాడు బలవంతుడైతే అదే చాకు మన మీదికే తిరుగుతుంది.

ఒక్కో దేశం... ఒక్కో కొలత

అంగుళాల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం మడత పెట్టే చాకు అంచు 3 అంగుళాలు దాటకపోతే జేబులో ఉంచుకోవచ్చు. కానీ తెరిచాక లాక్ పడే చాకుకు ఆ మినహాయింపు లేదని అక్కడి కోర్టులు తేల్చాయి. మన పిల్లలు చదువులకు లండన్ వెళుతున్నారు, వాళ్లకీ చెప్పండి. జపాన్‌లో 6 సెంటీమీటర్లు దాటిన కత్తిని సరైన కారణం లేకుండా వెంట ఉంచుకోవడం నేరం. అక్కడికీ ఇక్కడికీ పోలిక లేదు. ఒక దేశంలో చెల్లిన లెక్క ఇంకో దేశంలో చెల్లదు.

మన దేశం సంగతికొస్తే 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. దాని కింద చేసిన నిబంధనల్లో 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన పదును ఆయుధాల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, పొలం పనికి, పరిశ్రమకు తయారైన వాటిని అందులోంచి మినహాయించారు. అందుకే మన ఊళ్లో కొడవలి భుజాన వేసుకుని పొలానికి పోయే రైతునీ, మోకు, కత్తి కట్టుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణీ ఎవరూ ఆపరు. ఊరంతటికీ అతనెవరో, ఎక్కడికి పోతున్నాడో తెలుసు. బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల మీద మాత్రం ఢిల్లీలో 1980 నుంచే ప్రత్యేక ఆంక్షలున్నాయి.

మనవాళ్లకు చిక్కంతా ఇక్కడే వస్తోంది. చిన్నప్పటి నుంచి చాకు మనకు ఆయుధం కాదు. మామిడికాయ కోసుకోవడానికి, వేపపుల్ల చెక్కుకోవడానికి, తాడు తెంపడానికి మొలలో ఉండే వస్తువు. ఆ అలవాటుతోనే విమానం ఎక్కేస్తాం. ఇక్కడ మన ఊరి మనిషి లేడు. 'వాడు మంచోడే సార్, మా ఫలానా వాళ్లబ్బాయి' అని పూచీ ఇచ్చే సర్పంచి లేడు. పోలీసు కంటికి మనం బతాకా మీది నంబరు, అంతే.

కువైటీలు పెళ్లిళ్లలో, పండగల్లో కత్తులు పట్టుకుని 'అర్దా' నాట్యం చేస్తారు కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. అది వాళ్ల సంప్రదాయం, పదిమంది పెద్దల మధ్య జరిగే వేడుక. దాన్ని చూపించి మనం జేబులో చాకు వేసుకుంటామంటే కుదరదు.

విమానాశ్రయంలో...

చాకు విషయంలో మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది విమానాశ్రయంలోనే. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాలను హైజాక్ చేసినవాళ్లు వాడినవి చిన్న కత్తులు, కట్టర్లే. అప్పటి నుంచి ప్రపంచమంతటా చేతిసంచుల తనిఖీ మారిపోయింది. 2013లో అమెరికా అధికారులు 6 సెంటీమీటర్ల లోపు చిన్న చాకులను అనుమతిద్దామనుకున్నారు. విమాన సిబ్బంది గట్టిగా వ్యతిరేకించడంతో అదే ఏడాది జూన్‌లో ఆ ఆలోచన విరమించుకున్నారు.

మన తెలుగునాట దీనికి పెద్ద ఉదాహరణ ఉండనే ఉంది. 2018 అక్టోబరు 25న విశాఖపట్నం విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి మీద దాడి జరిగింది. వాడింది కోడిపందేల్లో కోడి కాలికి కట్టే కత్తి. చూస్తే వేలెడంత ఉండదు. అది విమానాశ్రయం లోపలికి ఎలా వచ్చిందన్నదే పెద్ద ప్రశ్న అయింది. కేసు జాతీయ దర్యాప్తు సంస్థ దాకా వెళ్లింది. అక్కడి రెస్టారెంట్‌లో పనిచేసిన నిందితుడు, హైకోర్టు 2024 ఫిబ్రవరిలో బెయిలు ఇచ్చేవరకు ఐదేళ్లకు పైగా జైల్లోనే ఉన్నాడు. కత్తి చిన్నదైనంత మాత్రాన కేసు చిన్నదవదు.

కాబట్టి సెలవు మీద ఇంటికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చేతిసంచి ఒకటికి రెండుసార్లు చూసుకోండి. గోళ్లు తీసుకునే కట్టర్‌కి అంటుకుని ఉండే చిన్న చాకు, తాళంచెవుల గుత్తికి వేలాడే చాకు, కత్తెర, బ్లేడు... అన్నీ తీసేయండి. వంటకు చాకు తప్పనిసరి అనుకుంటే లగేజీలో, బట్టల మధ్య, అట్టముక్కతో చుట్టి పెట్టండి. అసలు తేవాల్సిన అవసరమే లేదు. ఇక్కడ ఏ బకాలాలో అయినా, జమియాలో అయినా దొరుకుతుంది. అమ్మ ఇచ్చిందని కత్తిపీట, అలంకారానికని బాకు, ఖడ్గం లాంటివి మాత్రం తేవద్దు.

గదిలో గొడవ... ఊరికి టికెట్

రోడ్డు మీద తనిఖీ ఒక ఎత్తు. గదుల్లో గొడవలు ఇంకో ఎత్తు. ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది. ఒకే స్టవ్వు, ఒకే బాత్రూము. వంట వంతు దగ్గర, నీళ్ల దగ్గర, ఫోన్‌లో గట్టిగా మాట్లాడటం దగ్గర మాట తూలుతుంది. షర్క్ దగ్గరి ఒక పాత బిల్డింగులో జరిగిన సంగతి అక్కడి వాళ్లే చెప్పారు. వంట వంతు దగ్గర ఇద్దరు స్నేహితులు గొడవపడ్డారు. ఒకతను కోపంలో ఉల్లిపాయలు కోస్తున్న చాకు చూపించాడు. పొడవాలని కాదు, బెదిరిద్దామని. పక్క గదివాళ్లు భయపడి పోలీసులకు ఫోన్ చేశారు.

"నేనే వెళ్లి చెప్పా సార్. వాడు నా ఫ్రెండే, నాకు కేసు వద్దు, రాజీ అని రాసిచ్చా. అయినా వాణ్ణి సఫర్ కొట్టారు" అని ఆ రెండో వ్యక్తి తల దించుకున్నాడు. ఇక్కడి లెక్క ఇదే. ఫిర్యాదుదారు తన వరకు కేసు వద్దనుకోవచ్చు. సర్కారు తరఫున ఉండే హక్కు దానితో మాసిపోదు. కోర్టు శిక్ష వేస్తే, శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేయమని జడ్జి ఆదేశించవచ్చు. కోర్టు దాకా వెళ్లకుండానే ప్రజాప్రయోజనం పేరుతో విదేశీయుణ్ణి పంపించే అధికారం హోంశాఖకు ఉంది. 1959 నాటి నివాస చట్టం పోయి 2025 జనవరి 5 నుంచి 2024 నాటి 114వ నంబరు చట్టం వచ్చింది. అందులోనూ ఆ అధికారం అలాగే ఉంది.

ఒకసారి అలా పంపేస్తే వేలిముద్రలు రికార్డులో ఉంటాయి. పాస్‌పోర్టు మార్చుకుని మళ్లీ వద్దామన్న పాత ఆలోచనలు ఇప్పుడు పనిచేయవు. ఏజెంటుకు కట్టిన డబ్బు, దానికి వడ్డీ, ఇంటి దగ్గర సగంలో ఆగిన గోడలు... అన్నీ అలాగే నిలబడిపోతాయి. అరనిమిషం కోపానికి అంత ఖరీదు!

పోలీసులు ఆపితే ఏం చేయాలి?

ముందు భయపడి పరిగెత్తకండి. పరిగెత్తితే లేని తప్పు ఉన్నట్టవుతుంది. చేతులు కనిపించేలా పెట్టండి. జేబులో పనిముట్టు ఏదైనా ఉంటే వాళ్లు తీయకముందే మాటతో చెప్పండి. మీరు జేబులో చెయ్యి పెట్టకండి. బతాకా ఎప్పుడూ వెంట ఉండాలి. ఫోన్‌లో 'కువైట్ మొబైల్ ఐడీ' ఉంచుకుంటే ఇంకా మేలు.

మగ్ఫర్‌కి తీసుకెళితే కంపెనీ మందూబ్‌కో, కఫీల్‌కో, ఫోర్‌మన్‌కో కబురు చేయమని మర్యాదగా అడగండి. ఆ నంబర్లు ఫోన్‌లోనే కాదు, చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. అరబిక్‌లో రాసిన కాగితం మీద అర్థం కాకుండా సంతకం చేయకండి. అరబిక్ రానివారికి అనువాదకుడి సాయం ఉండాలని కువైట్ నేర విచారణ చట్టం చెబుతుంది. 'తర్జుమా' అనే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, అడగండి.

నిర్బంధంలో ఉన్న విదేశీయుడు కోరితే వాళ్ల రాయబార కార్యాలయానికి తెలియజేయాలని 1963 నాటి వియన్నా ఒప్పందం చెబుతోంది. 'సఫారా హిందియా' అంటే భారత రాయబార కార్యాలయం. ఆ మాట అడిగే హక్కు మీకుంది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు కేంద్ర విదేశాంగ శాఖ 'మదద్' ద్వారా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నిజంగా గతిలేని వారికి న్యాయ సహాయం కోసం రాయబార కార్యాలయాల దగ్గర భారతీయ సంక్షేమ నిధి కూడా ఉంది. ఇవన్నీ ఉన్నాయి గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే జాగ్రత్త పడటం మేలు.

ఇవి గుర్తుంచుకోండి

* పనిచేసే చోట ఇచ్చిన కత్తి, కట్టర్ అక్కడే పెట్టి రండి. డ్యూటీ దిగేముందు జేబులు ఒకసారి తడుముకోవడం అలవాటు చేసుకోండి.

* ఏసీ, ప్లంబింగ్, కార్పెంటర్ పనుల మీద తిరిగేవాళ్లు పనిముట్లన్నీ పెట్టెలో పెట్టి బండి డిక్కీలో ఉంచండి. కంపెనీ కార్డు, ఆ రోజు పని కాగితం వెంట ఉండాలి.

* పండ్లు కోసుకోవడానికని కారులో సీటు పక్కన చాకు ఉంచకండి. డ్రైవర్ అన్నలు ఈ సంగతి మరీ ముఖ్యంగా చూసుకోవాలి.

* చలికాలంలో ఎడారికి పిక్నిక్ వెళ్లేటప్పుడు మాంసం కోసే కత్తులు వంట సామానుతో కలిపి డిక్కీలో పెట్టండి. పని అయ్యాక కడిగి మళ్లీ అక్కడే పెట్టండి.

* కొత్త చాకు కొంటే ప్యాకింగ్ విప్పకుండా, బిల్లుతో సహా నేరుగా గదికి తీసుకెళ్లండి.

* కత్తి పట్టుకుని సరదాకు ఫొటోలు, వీడియోలు తీసి పెట్టకండి. 2015 నాటి 63వ నంబరు సైబర్ నేరాల చట్టం ఇక్కడ అమల్లో ఉంది. మీ సరదా ఇంకొకరికి బెదిరింపుగా కనిపించవచ్చు.

* గదిలో గొడవ మొదలైతే ముందు వంటింటి తలుపు వేయండి. ఇద్దరిలో ఒకరిని బయటికి తీసుకెళ్లి ఒక చాయ్ తాగించండి.

ఆ రాత్రి మగ్ఫర్ చూసి వచ్చిన కడప తమ్ముడు ఇప్పుడు ఏం చేస్తున్నాడని అడిగాం. గోదాము తలుపు దగ్గర ఒక మేకు కొట్టాడట. డ్యూటీ దిగేటప్పుడు కట్టర్ ఆ మేకుకి తగిలించి వస్తాడట. అతన్ని చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. "ఇప్పుడు ఆ మేకుకి ఐదు కట్టర్లు వేలాడతాంటాయన్నా" అని నవ్వాడు. వచ్చే వేసవిలో చెల్లెలి పెళ్లి. సెలవు కూడా దొరికిందట.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు ఊరికే అనలేదు. మనం ఇక్కడికి వచ్చింది నాలుగు రాళ్లు సంపాదించుకుని పిల్లల దగ్గరికి క్షేమంగా తిరిగి వెళ్లడానికి. మాలియాలోనో, సూక్ షర్క్ దగ్గరో ఈ వారం మనవాళ్లు నలుగురు కలిసినప్పుడు ఈ మాట చెప్పండి. కొత్తగా వీసా మీద దిగిన కుర్రాళ్లకు మరీ మరీ చెప్పండి. ఒక్కరి జేబులోంచి చాకు బయటికొచ్చి గోదాము మేకుకి చేరినా చాలు.